నాన్న ఏ రాష్ట్రం మనిషి?

మయామి, ఫ్లోరిడా
ఫిబ్రవరి 11, 1996

ఆర్డిస్ అక్కకి,

ఫోన్ చేస్తే డబ్బు దండగంటావు. ఉత్తరం రాస్తే గోరంత రాశానంటావు. ఈసారి పొడుగ్గానే రాస్తున్నాను, కాఫీ పెట్టుకుని కూర్చో.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. మా అద్దె కొంపలో ఏడుగురు పైలట్లం, నాలుగు మంచాలు. ఒకడు డ్యూటీకి లేస్తే ఇంకొకడు అదే పక్క మీద వాలతాడు. దుప్పటి చల్లారే యోగం లేదు. సముద్రం దగ్గరే ఉందంటారు, నేనింకా చూడలేదు. నేను నడిపేది మయామి నుంచి లేచే విమానాలే కాబట్టి ఇక్కడ పడి ఉండాలి. సెలవు దొరికినప్పుడు మాత్రం ఎవరి విమానంలోనో ఖాళీ సీటు చూసుకుని డులూత్ వచ్చి మీ మీద పడుతున్నాను కదా.

అన్నట్టు, నా పడవ బావ పేరు మీదికి మార్పించాను. వద్దనొద్దని చెప్పు. ట్రక్కు కూడా అమ్మేయండి, ఊరికే తుప్పు పడుతోంది. చర్చిలో సభ్యుల జాబితాలోంచి నా పేరు తీసేయమని పాస్టర్ గారికి ఒక మాట చెప్పు, నేను వచ్చేదెప్పుడు, కూర్చునేదెప్పుడు.

ఇంకొకటి. మారిట్‌కి చట్టప్రకారం నువ్వే సంరక్షకురాలివని కోర్టు కాగితాలు పంపుతున్నాను. వాళ్ళమ్మ జోయన్ పోయినప్పటి నుంచీ పిల్ల నీ దగ్గరే పెరుగుతోంది. స్కూల్లో సంతకం కావాలన్నా, ఆసుపత్రిలో కావాలన్నా ఆ వేళకి నేను ఏ మేఘాల మీదో ఉంటాను. పెద్ద కారణమేమీ లేదు. సంతకం పెట్టి కోర్టులో ఇచ్చేయి.

బావ మోకాలు ఎలా ఉంది?

నీ తమ్ముడు
రోల్ఫ్

*

డులూత్, మిన్నెసోటా
మార్చి 3, 1996

రోల్ఫ్‌కి,

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాట్ట వెనకటికొకడు. నీ ఉత్తరం అలా ఉంది.

మీ బావ పడవ మాట వినగానే చిన్నపిల్లాడిలా గంతేశాడు, ఆ మోకాలితోనే. షెడ్డులోకి వెళ్ళి దాంట్లో ఎక్కి కూర్చున్నాడు. బయట మోకాల్లోతు మంచు, లోపల పడవలో మా ఆయన. కాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "మీ తమ్ముడు చెప్పులైనా ఇస్తాడేమో గానీ ఆ పడవ ఇచ్చే రకం కాదే," అన్నాడు. అప్పటి నుంచీ ఆ షెడ్డు తలుపు తియ్యలేదు.

కోర్టు పని అయింది. పద్నాలుగు నిండాయి కాబట్టి జడ్జి గారు మారిట్‌నే అడిగారు, నీకిష్టమేనా అని. పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరిచినట్టు "సరే" అంది. తిరిగి వస్తుంటే కారులో కొండ దిగాక, "అత్తా, నాన్న బాగానే ఉన్నారా?" అని అడిగింది. బాగా లేకేం అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది. స్కూల్లో వంట మామూలే, పిల్లలు బీన్సు తినరు, నేను వండడం మానను.

ఒరేయ్, ఏదైనా ఉంటే చెప్పు. లేకపోతే సరే.

ఆర్డిస్

*

మయామి
మార్చి 16, 1996

అక్కా,

కంగారు పడకు. ఆరు నెలలకోసారి చేసే వైద్య పరీక్ష మొన్ననే అయింది. ఆ సంగతులన్నీ ఉత్తరాల్లో ఎందుకు. ఏప్రిల్ సగం గడవనీ, అప్పుడు అన్నీ వివరంగా చెప్తాను. ఇప్పుడు కాగితం మీద పెట్టడం మంచిది కాదు.

ఈస్టర్‌కి రాలేను. ఈ ఏడాది నేను అక్కడ ఎక్కువ రోజులు ఉండకూడదట. మారిట్‌కి ఏమీ చెప్పకు.

రోల్ఫ్

*

డులూత్
ఏప్రిల్ 1, 1996

నా చిట్టి తమ్ముడికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాం. నేను రెండు, మీ బావ వెర్న్ రెండు. ఎక్కువ రోజులు ఉండకూడదని డాక్టరు అన్నాడా? చలి పడదన్నాడా? ఏప్రిల్ సగం అంటే ఆపరేషనా? కంపెనీకి తెలిస్తే విమానం ఎక్కనివ్వరని దాస్తున్నావని వెర్న్ అంటున్నాడు. నాకూ అలాగే తోచింది. పడవ ఇచ్చావు, ట్రక్కు ఇచ్చావు, పిల్లనిచ్చావు. ఇంక నీ దగ్గర ఇవ్వడానికి ఏముంది?

కోప్పడకు. నేను చర్చిలో చెప్పాను. మన ప్రార్థన వరస సంగతి నీకు తెలుసుగా, ఒకరు ఇద్దరికి ఫోన్ చేస్తే ఆ ఇద్దరు నలుగురికి. మధ్యాహ్నానికి కొండ మీదా కింద రేవులోనూ నీ పేరే. ఏ జబ్బని పాస్టర్ గారు అడిగితే తెలీదన్నాను. ఆర్గన్ వాయించే ఇనేజ్ మాత్రం, "తెలీదంటే కాలేయమే," అని తేల్చేసింది. ఆదివారం నీ కాలేయం కోసం అందరం లేచి నిలబడ్డాం.

ఎవరింట్లో జబ్బు ఉన్నా మనవాళ్ళు చేసేదే కదా, ఆ సాయంత్రం నుంచి గుమ్మంలో ఒకటే హాట్‌డిష్‌లు. పైన బంగాళాదుంపలు, కింద మాంసం, మూత మీద ప్లాస్టరు ముక్క, దాని మీద ఇంటామె పేరు. ఫ్రిజ్ నిండిపోయి కొన్ని బయట మంచులో పెట్టాను.

మారిట్‌కి చెప్పొద్దన్నావు. చెప్పలేదు. కానీ గుమ్మంలో గిన్నెలు చూసి ఏ పిల్లకి అర్థం కాదు చెప్పు? ఒక్కసారి కూడా ఏడవలేదు. ఇనేజ్ దగ్గరికి వెళ్ళి అల్లడం నేర్చుకుంది. మందులకి జుట్టు రాలిపోతుందట, తలకి చలేస్తుందట. చెవులు కూడా కప్పేలా టోపీ అల్లింది. ఎడమ చెవి పక్క కుట్లు తప్పాయని రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లింది. ఈ పొట్లంలో ఉంది, పెట్టుకో.

నీకోసం కాచుకునుండే
అక్క

*

మయామి
ఏప్రిల్ 16, 1996

అక్కా,

నాకు ఏ జబ్బూ లేదు. కాలేయం గుర్రానికున్నంత బాగుంది. ఈ ఉత్తరం మొదటే రాయాల్సింది. పన్ను లెక్కలు పంపే గడువు నిన్నటితో ముగిసేదాకా ఆగాను.

విమానం ఎన్ని రాష్ట్రాల మీద ఎగిరినా పైలట్ జీతం మీద పన్ను అడిగే హక్కు అతని ఇల్లున్న రాష్ట్రానిదే. అది చట్టం. ఫ్లోరిడాలో జీతం మీద పన్ను లేదు, మిన్నెసోటాలో ఉంది. రెండేళ్ళుగా నా ఇల్లు మయామి అని రాస్తున్నాను. మా పైలట్లందరి లెక్కలూ చూసే పెట్రీ అని ఒకాయన ఉన్నాడు. ఉత్తినే రాస్తే చాలదు, నీకు ప్రాణమైనవి ఎక్కడుంటే దాన్నే నీ ఇల్లంటారు వాళ్ళు, కాబట్టి అక్కడ ఏమీ మిగల్చకు, ఎక్కువ రోజులు ఉండకు అన్నాడు. పడవ అన్నాడు. చర్చి అన్నాడు. ట్రక్కు అన్నాడు. చివరికి "పిల్ల?" అన్నాడు. మా అక్క దగ్గర ఉందన్నాను. "అయితే కాగితం మీద కూడా అక్క దగ్గరే ఉండేలా చూడు," అన్నాడు.

అక్కా, నేను ఆలోచిస్తానని కూడా అనలేదు. ఆ కాగితం ఎక్కడ దొరుకుతుందని అడిగాను.

నిన్న పొట్లం విప్పాను. ఈ ఎండలో ఆ ఉన్ని టోపీ నెత్తిన పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. తోటివాడొకడు వచ్చి, "మంచెక్కడ కురుస్తోందిరా?" అని పడీ పడీ నవ్వాడు. నా కూతురు అల్లిందని చెప్పబోయి, టోపీ తీసి దిండు కింద పెట్టేశాను. కూతురుందని ఏ కాగితం మీదా రాయకూడదని నేర్చుకున్నవాణ్ణి కదా. సిగ్గుతో చచ్చిపోయాను. మిగిలేదంతా దాని చదువు కోసమే అని రెండేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. నిన్న ఆ మాట కూడా నోటికి రాలేదు.

ఇంతలో మిన్నెసోటా పన్నుల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. నువ్వు మా రాష్ట్రం మనిషివే అనుకుంటున్నాం, విచారిస్తాం అని. మీ ఇంటికి ఎవరో వస్తారు. నేను అక్కడికి అప్పుడప్పుడూ వచ్చిపోతుంటానని చెబితే చాలు. ఇప్పుడు వెనక్కి తగ్గితే జరిమానా, పైగా కంపెనీలో పరువు తక్కువ. దొంగకి తేలు కుట్టినట్టుంది నా పని. మారిట్‌తో ఎవరినీ మాట్లాడనివ్వకు.

క్షమించమని ఎలా అడగాలో తెలియడం లేదు.

రోల్ఫ్

*

డులూత్
ఏప్రిల్ 27, 1996

రోల్ఫ్,

నువ్వు చావడం లేదు. అందుకు ముందుగా దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత నిన్ను తిట్టుకున్నాను. వరస తప్పలేదు.

ఆదివారం ప్రకటనల వేళ లేచి నిలబడ్డాను. "నా తమ్ముడికి జబ్బు లేదు. పన్ను ఎగ్గొడుతున్నాడు. ప్రార్థన మాత్రం మానకండి," అన్నాను. మన వాళ్ళ సంగతి తెలుసుగా, తర్వాతి కీర్తన అందుకున్నారు. కింద కాఫీ దగ్గర ఇనేజ్ ఒక్కతే, "మరి నా గిన్నె ఎప్పుడిస్తావు?" అంది. ఇప్పుడు ఊరంతా తిరిగి గిన్నెలు ఇచ్చొస్తున్నాను. ప్రతి గుమ్మంలోనూ "పోన్లే, ఆరోగ్యంగా ఉన్నాడు కదా" అంటారు. అంతకన్నా నాలుగు తన్నినా బాగుండేది.

మారిట్‌కి చెప్పేశాను. నా ఇంట్లో అబద్ధం ఉంచుకుని పిల్లకి అన్నం పెట్టలేను. అంతా విని అడిగింది: "నన్ను రాసిచ్చేస్తే నాన్నకి ఎంత మిగులుతుందట?"

నువ్వయితే ఏం చెప్పేవాడివి? నేను మాత్రం ఇవ్వాల్సిన గిన్నెలు తోమడం మొదలుపెట్టాను.

నేను అబద్ధం చెప్పను. ఎవరైనా వచ్చి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మా తమ్ముడు సెలవొస్తే ఇక్కడికే వస్తాడు, మా కుట్టుమిషను గదిలో పడుకుంటాడు, ఇదే అతని ఇల్లు అని చెప్తాను. జరిమానా పడితే పడనీ.

ఇంకొక మాట కూడా రాయాలి, లేకపోతే నేను నీకన్నా మంచిదాన్నని అనుకుంటావు. ఆ కాగితాలు వచ్చిన రోజు నాకు అనుమానం వచ్చింది. అయినా సంతకం పెట్టాను. నాకు పిల్లల్లేరు. కోర్టు మెట్లు దిగుతుంటే ఇది నా పిల్ల అని ఒక్క క్షణం మురిసిపోయాను. నా తమ్ముడు చచ్చిపోతున్నాడనుకుంటూ కూడా మురిసిపోయాను రా. అది నేను ఏ ప్రార్థన వరసలోనూ చెప్పలేదు.

మీ బావ పడవ ముట్టుకోనంటున్నాడు.

ఆర్డిస్

*

డులూత్
జులై 18, 1996

రోల్ఫ్‌కి,

నీ చెక్కులూ మారిట్ పుట్టినరోజు కార్డూ అందాయి. కార్డు ఇంకా తెరవలేదు.

ఆవిడ నిన్న వచ్చింది. పేరు డోలోరిస్ హాగ్. బూట్లు విప్పి లోపలికొచ్చింది. కాఫీ రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకుంది. నిమ్మకాయ బిస్కెట్లు కూడా తిన్నది. పన్నుల వాళ్ళకి కొమ్ములుంటాయనుకున్నాను, మన పెద్దమ్మలాగే ఉంది.

నీకు రాసినట్టే చెప్పాను. ఇదే ఇల్లు అన్నాను. ఆవిడ రాసుకుంటోంది. ఆ పాటికి నీ పని అయిపోయిందనే అనుకో. ఇంతలో మారిట్ ఈతకొలను నుంచి తడిజుట్టుతో వచ్చింది. మాట్లాడనివ్వొద్దన్నావు, నేను లేచేలోపే ఆవిడ అడిగేసింది.

"మీ నాన్నగారు ఇక్కడే ఉంటారా అమ్మా?"

"ఉండరండీ. వస్తారు."

"రెండింటికీ తేడా ఏముంది?"

"ఫ్రిజ్ తెరిచే ముందు అత్తని అడుగుతారండీ. ఇక్కడ ఉండేవాళ్ళం ఎవరమూ అడగం."

ఆవిడ కలం ఆగింది. నిజమే రోల్ఫ్. నువ్వు అడుగుతావు. ప్రతిసారీ అడుగుతావు. "అక్కా, పాలు తీసుకోనా?" అని. మర్యాద అనుకునేదాన్ని.

"ఇలా చెప్పమని ఎవరైనా చెప్పారా?" అందావిడ.

"అత్త అయితే ఉంటారని చెప్పమనేదండీ, ఆవిడకి నాన్నంటే ఇష్టం. కానీ ఉండరు. అమ్మ పోయాక మా ఇల్లు అమ్మేశారు కదా, అప్పటి నుంచి ఎక్కడా ఉండరు. మయామి అంటారు. అక్కడ కూడా ఉండరనే అనుకుంటున్నాను."

కోపంతో అంటే బాగుండేది. వాతావరణం చెప్పినట్టు చెప్పి, బిస్కెట్ తీసుకుని పైకెళ్ళిపోయింది. ఆవిడ కాఫీ చల్లారిపోయేదాకా కూర్చుని, కాగితాలు సర్దుకుని, "మంచి పిల్ల," అని బూట్లు వేసుకుంది.

జీవితంలో మొదటిసారి ఆ పిల్ల అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది నాకు.

అక్క

*

మయామి
సెప్టెంబరు 5, 1996

అక్కా,

నేను గెలిచాను. నువ్వు మా రాష్ట్రంలో నివసిస్తున్నట్టు ఆధారాలు లేవు, విచారణ ముగించాం అని వాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. రెండు వాక్యాలే.

కొంపలో వాళ్ళంతా నా వీపు చరిచి బీరు తాగించారు. పెట్రీ ఫోన్ చేసి, "నీ కూతురు బంగారమయ్యా, అలాంటి సాక్ష్యం ఏ లాయరూ తయారు చెయ్యలేడు," అన్నాడు. ఎదురుగా ఉంటే వాణ్ణి కొట్టేవాణ్ణి. వాణ్ణెందుకు, నా చెంప నేనే వాయించుకోవాలి.

ఓడిపోతానని భయపడ్డాను గానీ, ఇలా గెలుస్తానని అనుకోలేదు. నువ్వు నా ఇల్లు అదే అన్నావు, నిన్ను నమ్మలేదు. మారిట్ కాదన్నది, దాన్ని నమ్మారు. రాష్ట్రం ముద్ర వేసి మరీ ఒప్పుకుంది, ఈ మనిషి తన కూతురి ఇంట్లో మనిషి కాదని.

మినియాపోలిస్‌కి మార్చమని కంపెనీలో అర్జీ పెట్టాను, ఇచ్చారు. అక్కడ నాకన్నా పాతవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి కెప్టెన్ సీటు ఇవ్వరు. చొక్కా మీద ఒక గీత తగ్గుతుంది, కో-పైలట్‌గా కుడిపక్క కూర్చుంటాను, ఫోన్ మోగినప్పుడల్లా పరిగెత్తాలి. అయినా మీ ఇంటికి రోడ్డు దారినే రావచ్చు. పన్నుల శాఖకి కూడా రాశాను, నేను మీ మనిషినే, రెండేళ్ళదీ కడతాను తీసుకోండి అని. ఆ సంరక్షణ కాగితం రద్దు చేయించి పిల్లని మళ్ళీ నా పేరు మీదికి తెచ్చుకుంటాను. నువ్వు కాదనవు కదా?

రోల్ఫ్

*

డులూత్
సెప్టెంబరు 14, 1996

రోల్ఫ్‌కి,

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ గెలిచొచ్చావు.

పన్ను కట్టు, మంచిదే. కానీ పన్ను కట్టినంత మాత్రాన ఇంటివాడివైపోవు. పిల్లని నీ పేరు మీదికి తెచ్చుకుంటానని రాశావు. అదేమన్నా పడవా?

నేను కాదనను. కాదనాలని ఉంది, అనను. ఆ కాగితం రద్దు చెయ్యమని కోర్టులో అర్జీ వేశాం, నవంబరులో పిలుస్తారు. జడ్జి గారు మళ్ళీ దాన్నే అడుగుతారు. ఏం చెప్తుందో నేను అడగలేదు. నువ్వూ అడక్కు. బహుమతులు పంపకు. నీతో వస్తానంటే నా గుండె ఆగిపోతుంది, రానంటే నీది ఆగిపోతుంది. ఎవరిదాగినా మన ప్రార్థన వరస ఉండనే ఉంది.

కోటు తెచ్చుకో. మయామిలో ఉండి చలి మర్చిపోయి ఉంటావు.

ఆర్డిస్

*

మినియాపోలిస్
నవంబరు 23, 1996

అక్కా,

నిన్న నీకు సరిగా వీడ్కోలు కూడా చెప్పలేదు. జడ్జి గారు ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడిగినప్పుడు మారిట్ "అత్త దగ్గరే" అంది కదా. నువ్వు నా వంక చూడలేక కిటికీ వంక చూశావు. నాకు కోపం వచ్చిందని భయపడి ఉంటావు. రాలేదు. కాదు, వచ్చింది, మెట్లు దిగేదాకా ఉంది. మళ్ళీ చూసుకుంటే ఎవరి మీదో తెలియలేదు. మొదట నేనిచ్చాను కాబట్టే కదా అది నీ దగ్గర ఉంటానంది. నువ్వు ఆ కాగితం దాచుకో. మురిసిపోయానని ఇక బాధపడకు. దాన్ని చూసి మురిసే మనిషి ఒకరైనా ఆ ఇంట్లో ఉన్నారు.

నువ్వు కారు తేవడానికి వెళ్ళాక జరిగింది నీకు తెలీదు. గుమాస్తా మమ్మల్ని ఆపి, రికార్డులో తండ్రి నివాసం రాయాలి, ఎక్కడ అని అడిగింది. ఎన్ని కాగితాల మీద మయామి అని తడుముకోకుండా రాశానో నీకు తెలుసు. నిన్న నోరు తెరుచుకోలేదు. డులూత్ అనడానికి నాకేం హక్కుంది? వెనక ఇంకో కుటుంబం నిలబడి ఉంది. ఆవిడ కలం పట్టుకుని చూస్తోంది.

మారిట్ కోటు గుండీలు పెట్టుకుంటూ వెనక్కి వచ్చింది.

"మా ఇంటి అడ్రసే రాయండి," అంది. "ఉత్తరాలైనా వస్తాయి."

"అక్కడ ఉంటారా ఆయన?" అంది గుమాస్తా.

మారిట్ నా ముఖంలోకి చూసింది. ఈ ఏడాదిలో నన్ను అలా చూడడం అదే మొదటిసారి. "చూడాలండీ," అని నీ కారు కోసం బయటికి వెళ్ళిపోయింది.

కొత్తవాణ్ణని ఈ గురువారం పండగ రోజు నన్ను డ్యూటీలో వేశారు. శుక్రవారం బస్సుకి వస్తాను. ఉండనిస్తే ఆదివారం దాకా ఉంటాను.

అక్కా, ఇన్నేళ్ళలో నీకు ఎన్ని ఉత్తరాలు రాశానో లెక్క లేదు. పిల్ల ఎలా ఉందని నిన్నే అడిగాను. దానికి అంగట్లో కొన్న కార్డులు తప్ప ఒక్క ఉత్తరం రాయలేదు. రాత్రంతా కూర్చుని రాశాను. పొట్టిగానే వచ్చింది. దీంతో పాటు ఇంకో కవరు ఉంది, మారిట్ పేరు మీద. అది తెరిచినా తెరవకపోయినా దాని చేతికే ఇవ్వు.

రోల్ఫ్